బెజవాడ పిలిస్తే ఉయ్యూరు పలకాలి

పదవీ విరమణ సభలో దండ వేయించుకున్నవాళ్ళు లేచి, ‘ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఎవరిమీదా కోపం లేదు, అసూయ లేదు’ అని చెప్పి కూర్చోవడం మా శాఖలో ఆనవాయితీ. నా సభలో నేను ఆ మాట అనలేదు. అబద్ధమాడి శాలువా కప్పించుకోవడం ఎందుకని ఊరుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే నాకు ఒక మనిషి మీద కుళ్ళు పుట్టింది. అది నాతోపాటే ప్రమోషన్లు తీసుకుంటూ పెరిగింది. శాఖలోకి కొత్తగా వచ్చిన పిల్లల కోసం ఏదైనా అనుభవం రాయండి మేడమ్ అని అడిగారు కాబట్టి, పాఠాలు చెప్పడం నాకు చేతకాదు కాబట్టి, ఆ కుళ్ళు సంగతే రాస్తున్నాను.

ఆవిడ పేరు రాయను. రాయాల్సిన అవసరమూ లేదు. మీకు తెలియదు గానీ, ఒకప్పుడు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోన్ చేయాలంటే ట్రంకు కాల్ బుక్ చేసుకుని కాచుక్కూర్చోవాలి. ఈ ఊరి ఆపరేటరు ఆ ఊరి ఆపరేటర్ని పిలిచి, ఇద్దరూ కలిసి లైను కలపాలి. ఆపరేటర్లం ఒకరినొకరం పేర్లతో పిలుచుకునేవాళ్ళం కాదు. ఏ ఊరి బోర్డు ముందు కూర్చుంటే ఆ ఊరే మా పేరు. నేను ఉయ్యూరు. ఆవిడ బెజవాడ. ‘హలో బెజవాడా’ అని నేనంటే ‘చెప్పు ఉయ్యూరూ’ అని ఆవిడ పలికేది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే చాలాకాలం అలా పలుకుకున్నాం.

కుళ్ళు అక్కడే మొదలైంది. ఆవిడ గొంతు బాగుంటుంది. ఇప్పటికీ బాగుంటుంది, అదే నా బాధ. ఉయ్యూరులో బెల్లం వ్యాపారి ఒకాయన రోజూ మా బోర్డు దగ్గరికే వచ్చి మద్రాసుకు కాల్ బుక్ చేసేవాడు. లైను దొరకలేదని నేను చెబితే చిరాకుపడేవాడు. ‘అమ్మాయ్, నువ్వు చెప్పమాకు. ఆ బెజవాడ అమ్మాయికివ్వు. ఆ పిల్ల లైను లేదన్నా ఉన్నట్టే ఉంటది’ అనేవాడు. నేను హెడ్‌సెట్ ఆయన వైపు తిప్పి, పళ్ళు కొరుక్కుంటూ కూర్చునేదాన్ని.

గొంతు అంత బాగున్న మనిషి చూడ్డానికైనా సామాన్యంగా ఉంటుందని ఆశపడ్డాను. బెజవాడలో ట్రైనింగుకు వెళ్ళినప్పుడు ఆ ఆశా పోయింది. ఆ తర్వాత డిపార్ట్‌మెంటు పరీక్షలు ఇద్దరం కలిసి రాశాం. ఆవిడ మొదటిసారే ప్యాసైంది. నేను మరుసటి ఏడు ప్యాసయ్యాను. ఆవిడ అయిన ప్రతి పదవీ నేనూ అయ్యాను, కానీ ఆవిడ ఖాళీ చేశాకే అయ్యాను. చివరికి పుట్టిన తేదీలో కూడా ఆవిడే నాకంటే చిన్న. నేను ఇంటికెళ్ళాక ఇంకా కొంతకాలం ఆ కుర్చీలో కూర్చునేలా పుట్టింది.

ట్రంకు బోర్డులు పోయాయి. నంబరు నొక్కితే కలిసే కాలం వచ్చింది, తర్వాత ఫైబరు వచ్చింది. మేమిద్దరం ఇంజనీర్లమయ్యాం. ఆవిడ బెజవాడ పెద్ద టెలిఫోన్ స్టేషనుకు, నేను ఉయ్యూరు స్టేషనుకు. ఊరి పేర్లతో పిలుచుకునే అలవాటు మాత్రం పోలేదు. జిల్లా మీటింగులో అందరి ముందూ ‘ఏం ఉయ్యూరూ, కాఫీ తాగావా?’ అనేది. ఆ పిలుపు నాకు ఇష్టమే. అది పిలిచే మనిషి మీదే కుళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. సరిహద్దులో పరిస్థితి బాగోలేదని, ఏ రోజైనా యుద్ధం రావచ్చని టీవీలు హోరెత్తిస్తున్న రోజులు. యుద్ధమొస్తే శత్రువు ముందు చూసేది వంతెనలూ, కరెంటూ, మాటలు మోసే మా తీగలూ. అందుకని ఎంపిక చేసిన సమాచార కేంద్రాలను గట్టిపరచడానికి కేంద్ర ప్రభుత్వం నిధులిస్తోందని ఉత్తర్వు వచ్చింది. కొత్త కప్పు, బ్యాటరీలు, జనరేటర్లు, ఒక దారి తెగితే ఇంకో దారిన మాట వెళ్ళడానికి రెండో ఫైబరు. మా ప్రాంతానికి ఒకే కేంద్రం. పోటీలో మిగిలింది రెండు స్టేషన్లు. ఏవో మీకు అర్థమయ్యే ఉంటుంది.

నాకు అది ఒట్టి పోటీ కాదు. సగం మంది సిబ్బంది ముందే విరమణ తీసుకుని వెళ్ళిపోయాక, చిన్న స్టేషన్లు ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తున్నారు. ఆ నిధులు రాకపోతే ఉయ్యూరును మూసేసి, పరికరాలన్నీ బెజవాడ తీసుకెళ్ళిపోతారని అందరికీ తెలుసు. నేను హెడ్‌సెట్ పెట్టుకుని ఉద్యోగం మొదలుపెట్టిన గదికి, రిటైరయ్యే ముందు నా చేత్తో నేనే తాళం వేయాలి. ఆ తాళంచెవి తీసుకెళ్ళి ఇవ్వాల్సింది ఎవరికి? బెజవాడకి. ఆ ఊహకే నాకు అన్నం సహించేది కాదు.

తనిఖీ బృందం వచ్చే ముందు రోజు బెజవాడ ఫోన్ చేసింది.

‘ఉయ్యూరూ, రేపు పొద్దున మీ దగ్గరికి, మధ్యాహ్నం మా దగ్గరికి వస్తున్నారంట. ఏమీ సర్దమాకే. ఉన్నది ఉన్నట్టు చూపించు.’

‘అలాగేలే’ అని పెట్టేశాను. పెట్టేసి, మా టెక్నీషియన్‌ని పిలిచాను. ఆయన బెజవాడ ముస్లిం కుటుంబం. వాళ్ళ అన్నదమ్ములందరూ ఆటోనగర్‌లో ఇంజన్ల పనిలో ఉన్నారు, ఈయనొక్కడే సర్కారు కొలువు. రోజూ కంకిపాడు మీదుగా బస్సులో వచ్చేవాడు. స్టేషన్‌లో అందరం భాయిగారూ అనేవాళ్ళం.

‘భాయిగారూ, మనల్ని సర్దొద్దంటోంది బెజవాడ’ అన్నాను.

‘అంటే వాళ్ళు సర్దేసుకున్నారన్నమాట మేడమ్’ అన్నాడాయన.

నా అనుమానమూ అదే. మనది చిందరవందరగా కనిపించాలి, తనది అద్దంలా మెరవాలి. ఎంత తెలివి! ఆ రోజు సాయంత్రం దాకా మా స్టేషన్ చూడాలి. తనిఖీ అంటే మా శాఖలో పెళ్ళిచూపులే. బ్యాటరీ తీగల మొనలకు వ్యాజలిన్ రాశాం. స్టాండ్లకు ఎర్ర రంగు వేశాం. కప్పు కారే చోట తారు పూయించి, లోపల మరక కనపడకుండా సున్నం కొట్టించాం. తాత కాలం నాటి జనరేటర్‌ని భాయిగారు తన అన్నల్ని పిలిపించి విప్పి, కడిగి, బిగించి, రంగేశాడు. గేటు దగ్గర్నుంచి గుమ్మం దాకా రాళ్ళకు తెల్లసున్నం. నేనే ముగ్గు వేశాను.

బృందంలో ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు, వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన మన తెలుగు పెద్దాయన ఒకరు. ముందు రోజు రాత్రి నుంచీ ముసురు పట్టింది. అయినా మా కప్పు ఒక్క చుక్క కారలేదు. భాయిగారు హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే జనరేటర్ అందుకుంది.

‘ఎప్పటిదమ్మా ఇది?’ అన్నాడు పెద్దాయన.

‘బాగా పాతదండీ.’

‘పాతదంటే ఎవరూ నమ్మరమ్మా. మీకిక్కడ ఇబ్బందులేమైనా ఉన్నాయా?’

పిల్లలూ, ఇక్కడ ఒక మాట. మా తరంలో తనిఖీకొచ్చిన అధికారితో ‘ఇబ్బంది ఉందండీ’ అన్నవాడికి మర్నాడు మెమో వచ్చేది. ఇబ్బంది ఉందంటే నువ్వు సరిగా చూసుకోవడం లేదని అర్థం. ఆ భయంలోనే పెరిగాం. అందుకని నా నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది.

‘మా దగ్గర ఏ ఇబ్బందీ లేదండీ.’

ఢిల్లీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపారు. కొబ్బరి బొండాలు తాగి, మెచ్చుకుని వెళ్ళారు. భాయిగారూ నేనూ బెజవాడ పని అయిపోయిందని సంబరపడ్డాం.

మధ్యాహ్నం బెజవాడలో ఏం జరిగిందో మర్నాటికి తెలిసింది. అక్కడ కప్పు కారుతోంది. పరికరాల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఉన్నాయి. గదంతా బకెట్లు, వాటిలో టప్‌టప్‌మని చినుకులు. ఆవిడ ఒక్కటంటే ఒక్క బకెట్ కూడా తీయించలేదు. పైగా పరికరాల గదిలోకి వెళ్ళబోతున్న ఢిల్లీవాళ్ళ చేతికి తలా ఒక గొడుగు ఇచ్చిందట. ‘యుద్ధం దాకా ఎందుకండీ, ఈ వానకే మేం గట్టెక్కేలా లేం’ అందట, ఆ గొంతుతో.

నిధులు బెజవాడకు వచ్చాయి. ఉయ్యూరు గురించి వాళ్ళు రాసిన మాట ఒక్కటే: ఇక్కడ ఏమీ అవసరం లేదు.

నాకు ఏడుపొచ్చింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు. నిజానికి ఆవిడ నవ్వను కూడా నవ్వలేదు. ఫోన్ చేసి, ‘సర్దొద్దన్నాను కదే’ అంది, బాధగా. ఆ బాధ విని నాకు ఇంకా మండింది. తను వద్దంటే నేను చేసి తీరతానని తనకు తెలుసు. తెలిసే ఆ మాట చెప్పిందని నేను గట్టిగా నమ్మాను.

ఇక ఊరుకోలేదు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఆలస్యంగానైనా తలకెక్కింది. పెద్దాయన ఆఫీసుకు వెళ్ళి కూర్చున్నాను. ‘మా బ్యాటరీలు నిలవడం లేదండీ, కప్పు కారుతుందండీ, ఆ సున్నం అంతా పైపైనేనండీ’ అని నా స్టేషన్ పరువు నేనే తీశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. ‘మీ పని అవుతుందమ్మా, వెళ్ళిరండి’ అన్నాడు. అన్నట్టే అయింది. బెజవాడకు రెండో దారి ఉయ్యూరు మీదుగా వెళ్ళాలని, అందుకోసం మా స్టేషన్‌ను కొనసాగించాలని ఉత్తర్వు వచ్చింది. కొత్త బ్యాటరీలు, కొత్త ఫైబరు. జనరేటర్ మాత్రం ఇవ్వలేదు. ఉన్నది కొత్తదానిలా ఉందని కళ్ళారా చూసి వెళ్ళారు కదా.

నా పాటుకు ఫలితం దక్కిందని నేను గాల్లో తేలాను. బందరు లడ్లు తెప్పించి స్టేషనంతా పంచాను. ఒక పెట్టె భాయిగారితో ప్రత్యేకంగా బెజవాడకు పంపాను. తిను, తిని ఏడువు అన్నట్టు. సాయంత్రం ఫోన్ చేసింది.

‘లడ్లు బావున్నాయే ఉయ్యూరూ.’

‘మొత్తానికి సాధించాను చూశావా?’ అన్నాను.

‘నువ్వెప్పుడు సాధించలేదే?’ అంది.

మాట తీరు చూడండి. ఏ కోపమూ లేకుండా ఎలా అనగలిగింది? నా లడ్లకు ఆవిడ ఏడవాలి కదా! ఆ రాత్రి నాకు పుల్లటి తేన్పులు.

కొన్నాళ్ళకు బెజవాడ కొత్త స్టేషన్ చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. గట్టి కప్పు, చల్లటి గది, మనిషి తాకకుండా తనంతట తనే స్టార్టయ్యే జనరేటర్. దాని ముందు నిలబడితే మా తిప్పుడు హ్యాండిల్ గుర్తొచ్చి కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టయింది. తప్పు పట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూశాను. జనరేటర్ పక్కన ఇంకొకటి పట్టేంత సిమెంటు దిమ్మె ఖాళీగా ఉంది.

‘ఇంత సొమ్మొచ్చింది కదా, రెండో జనరేటర్ పెట్టించుకోలేదేం? ఒకటి ఆగిపోతే?’ అన్నాను.

‘చోటు చాలలేదులే’ అంది.

చోటు ఎదురుగా కనపడుతోంది. ఇంత సొమ్మొచ్చినా లెక్క తప్పిందని లోలోపల సంతోషించి, పులిహోర రెండోసారి వడ్డించుకుని తిని వచ్చాను.

ఆ ఏడే సరిహద్దులో నిజంగానే కాల్పులు మొదలయ్యాయి. ఊళ్ళలో సైరన్లు మోగించి, దీపాలార్పించి అభ్యాసాలు చేయిస్తున్నారు. జనం బాల్కనీల్లో నిలబడి సైరన్ మోతను ఫోన్లలో వీడియో తీసుకుంటున్నారు. మాకూ ఒక పరీక్ష పెట్టారు. బెజవాడ స్టేషన్‌కు కరెంటు తీసేస్తారు, పెద్ద దారి తెగినట్టు భావించి ఆపేస్తారు. అయినా ఒక్క కాల్ కూడా తెగకూడదు. రోజు చెప్పారు గానీ వేళ చెప్పలేదు. చూడటానికి అదే ఢిల్లీ బృందం, అదే పెద్దాయన బెజవాడలో కూర్చున్నారు.

నేను ఉయ్యూరులో ఉన్నాను. స్టేషన్ల మధ్య మాట్లాడుకోవడానికి మాకు విడిగా ఒక లైను ఉంటుంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని పొద్దున్నుంచి కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీశానో లేదో, మా దగ్గరా కరెంటు పోయింది. అదీ పరీక్షలో భాగమే. కొత్త బ్యాటరీల మీద మా పరికరాలు నడుస్తున్నాయి. బెజవాడ వైపు నుంచి అనుకున్నంత కాల్స్ బరువే వస్తోంది. అంటే అక్కడ జనరేటర్ అందుకుని ఉండాలి. అంతా తను అనుకున్నట్టే జరుగుతోందని నేను మొహం ముడుచుకుని ముద్ద కలుపుకుంటుంటే, లైన్లో గొంతు వినిపించింది.

‘ఉయ్యూరూ.’

ఆ గొంతు వణకడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

‘చెప్పు బెజవాడా.’

‘జనరేటర్ అందుకోలేదే. ప్యానెల్‌లో బల్లి దూరి మాడిపోయింది. కొత్త బ్యాటరీలు మొన్ననే బిగించారు, ఇంకా పూర్తిగా ఛార్జి అవలేదు. నా పాత బ్యాటరీలు ఎంతోసేపు నిలవవు. మొత్తం నువ్వే తీసుకో.’

బల్లి మనిషి మీద పడితే ఏమవుతుందో పంచాంగంలో రాసి ఉంటుంది. ప్యానెల్‌లో పడితే ఏమవుతుందో ఎవరూ రాయలేదు. నా మనసులో ఒక దీపావళి చిచ్చుబుడ్డి వెలిగింది. రెండోది పెట్టించుకోలేదేం అని నేను అననే అన్నాను! ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. మొత్తం అంటే ఏమిటో నాకు తెలుసు. ఆస్పత్రులు, రైల్వే, పోలీసులు, సరిహద్దులో ఉన్న కుర్రాళ్ళు ఇంటికి చేసుకునే ఫోన్లు. అది పరీక్షే గానీ ఆ లైన్లలో మాట్లాడుతున్నవాళ్ళు నిజం మనుషులు. అంత బరువు మా బ్యాటరీల మీద ఒక్కటే నిలవదు. జనరేటర్ కావాలి.

‘తీసుకుంటున్నా. వదులు’ అన్నాను.

భాయిగారు అప్పటికే హ్యాండిల్ పట్టుకుని ఉన్నాడు. తిప్పాడు. జనరేటర్ దగ్గింది, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ దగ్గు. తనిఖీ రోజున ఒక్క తిప్పుకు అందుకున్న ముండ, ఇప్పుడు మొరాయిస్తోంది. నేను చటుక్కున ఫోన్ మౌత్‌పీస్‌కు చెయ్యి అడ్డం పెట్టాను, ఆ దగ్గు బెజవాడకు వినపడకుండా.

‘భాయిగారూ, నా పరువు మీ చేతుల్లో ఉంది’ అన్నాను.

‘దేశం లైన్లు కూడా మేడమ్’ అన్నాడాయన చెమట తుడుచుకుంటూ.

‘అదీ ఉందిలెండి, తిప్పండి!’

చీర కొంగు బిగించి నేనూ ఒక చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి తిప్పాం. ఈసారి నల్లపొగ ఒక్కసారి కక్కి, దడదడమని అందుకుంది. గది గోడలకు కొట్టిన సున్నం పెచ్చులుగా రాలింది. మీటర్లో బరువు పెరుగుతూ పోయింది. నేను దాని ముల్లు వంక చూస్తూ ఇష్టదేవతలందరినీ తలుచుకున్నాను. ఒక్క కాల్ తెగలేదు. ఆటోనగర్ నుంచి మెకానిక్కులు వెళ్ళి, ఆ మాడిన బల్లిని తీసి, బెజవాడ జనరేటర్‌ని మేలుకొలిపేదాకా మొత్తం నేనే మోశాను.

బెజవాడ తన వైపు ఫోన్ పెట్టేయడం మర్చిపోయింది. అక్కడి మాటలన్నీ నాకు వినపడుతున్నాయి. చప్పట్లు. ఢిల్లీవాళ్ళ మెచ్చుకోళ్ళు. రెండో దారి ఎంత చక్కగా ఏర్పాటు చేశారంటూ పెద్దాయన ఆవిడని పొగడటం. సొమ్మొకడిది సోకొకడిది! నాకు ఒళ్ళు మండిపోయింది. జనరేటర్ నల్లమసి నా మొహాన, చప్పట్లు తనకు. మర్నాడు పెద్దాయనకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెబుదామని, చెప్పాల్సిన మాటలు వరస పెట్టుకుంటున్నాను. అంతలో లైన్లో ఆవిడ గొంతు వినపడింది.

‘మెచ్చుకోవాల్సింది నన్ను కాదండీ. నా జనరేటర్ మొరాయించింది. కనీసం ఆ సంగతి కూడా మీకు తెలియకుండా గట్టెక్కించింది ఉయ్యూరండీ. మొత్తం ఉయ్యూరే మోసింది.’

అయిపోయింది. నేను చెప్పుకుందామనుకున్న మాట కూడా ఆవిడే చెప్పేసింది. ఇప్పుడు నేను చెబితే విన్నవాళ్ళు, ‘అవునమ్మా, ఆవిడే చెప్పారు, ఎంత పెద్ద మనసో’ అంటారు. కనీసం ఫిర్యాదు చేసుకునే భాగ్యమైనా మిగల్చాలా వద్దా? చల్లారిన అన్నం ముందు కూర్చుని, గెలిచి కూడా ఓడిపోయినట్టు ఉండిపోయాను.

కాల్పులు ఆగాయి. కొన్ని నెలలకు నా పదవీ విరమణ. సభ ఉయ్యూరు స్టేషన్‌లోనే. పెద్దాయన వచ్చాడు, బెజవాడ వచ్చింది, నాకంటే మంచి చీరలో. పెద్దాయన మైకు తీసుకుని నన్ను పొగుడుతూ పొగుడుతూ ఒక మాట అనేశాడు.

‘ఈ స్టేషన్ మూతపడకుండా ఈ అమ్మ మా ఆఫీసుకొచ్చి ఎంతగానో పోరాడారండీ. ఇవాళ చెప్పొచ్చు, ఆవిడ వచ్చేసరికే ఫైలు మీద సంతకం అయిపోయింది. అంతకుముందే బెజవాడ మేడమ్‌గారొచ్చి కూర్చున్నారు. నా రెండో జనరేటర్ తీసేయండి, ఆ నిధులు ఉయ్యూరుకు పెట్టండి, అన్నీ ఒక్కచోట పోగేస్తే దాన్ని రక్షణ అనరండీ అని పట్టుబట్టారు.’

జనం చప్పట్లు కొట్టారు. నా చేతులు కదల్లేదు. ఆ ఖాళీ దిమ్మె కళ్ళముందు కనపడింది. చోటు చాలలేదట! ఆ రోజు ఆవిడ జనరేటర్ ఆగిపోతే ఆదుకోవడానికి రెండోది లేకపోయింది నా వల్లే. నేను గాల్లో తేలి పంచిన బందరు లడ్లు గుర్తొచ్చి, సభలోనే నేలలోకి కుంగిపోదామనిపించింది.

భోజనాల దగ్గర ఆవిడ్ని పక్కకు లాగాను.

‘నేనడిగానా నిన్ను?’

‘అడగలేదు. నువ్వడుగుతావా?’

‘మరి నాకెందుకు చెప్పలేదు?’

‘చెప్తే తీసుకునేదానివా?’

‘తీసుకునేదాన్ని కాదు.’

‘అందుకే’ అంది, అరిసె తుంచుకుంటూ.

‘సర్దొద్దని ముందు రోజు ఫోన్ చేశావు చూడు, అది నిజంగానే చెప్పావా?’

‘నిజంగానే. నువ్వు మాత్రం సర్ది తీరతావని తెలుసు.’

‘తెలిసి కూడా ఎందుకు చెప్పావు?’

‘చెప్పకపోతే, చెప్పలేదని జీవితాంతం ఏడుస్తావు కదే!’

చెప్పినందుకు కూడా ఏడ్చానని ఆవిడకు తెలియదు. లేదా తెలుసు. నా దగ్గర బాగున్నవన్నీ ఆవిడ దగ్గర ఇంకా బాగున్నాయని ఇన్నేళ్ళూ ఏడ్చాను. గొంతు, ప్రమోషను, కొత్త కప్పు, చప్పట్లు. ఆ రోజు తెలిసింది, ఇవ్వడం కూడా ఆవిడకే దక్కిందని. ఆవిడకు నేనిచ్చింది ఒక లడ్ల పెట్టె, అది కూడా ఏడవమని ఇచ్చాను. ఎదుటివాళ్ళ దగ్గరున్న సొమ్ము మీద ఏడవడం ఫరవాలేదు పిల్లలూ, అలవాటవుతుంది. ఎదుటివాళ్ళ మంచితనం మీద ఏడవడం చాలా కష్టమైన పని. నాకింకా చేతకావడం లేదు.

ఇంటి దగ్గర కూర్చున్నాక మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారంలో, పన్నెండు కావస్తుండగా చెవులు ఊరికే నిక్కబొడుచుకునేవి. ఆ వేళకు రోజూ రెండు స్టేషన్లూ లైను పరీక్షించుకుంటాయి. బెజవాడ పిలుస్తుంది, ఉయ్యూరు పలకాలి. ఉయ్యూరుకు నా స్థానంలో ఒక అమ్మాయి వచ్చింది. చురుకైనదట, చక్కటి గొంతట. భాయిగారు ఫోన్‌లో ఆ పిల్లను తెగ మెచ్చుకున్నాడు. నాకు వంటింట్లో పాలు పొంగిపోతున్నా వినపడలేదు. ఈపాటికి బెజవాడ ఆ పిల్లను పిలుస్తూ ఉంటుంది. ఏమని పిలుస్తూ ఉంటుంది?

నాలుగైదు రోజులు ఆగాను. ఇక ఆగలేక నేనే ఫోన్ చేశాను. కుశలప్రశ్నలు అడిగింది. మోకాళ్ళ నొప్పులంది. నేను వినడం లేదు.

‘ఆ కొత్త పిల్ల ఎలా ఉంది?’ అన్నాను, మామూలుగా అడిగినట్టు.

‘బంగారం. పనిమంతురాలు.’

‘ఊఁ. ఏమని పిలుస్తున్నావు?’

ఆ గొంతు, బెల్లం వ్యాపారి మెచ్చుకున్న ఆ గొంతే, నెమ్మదిగా నవ్వింది.

‘మేడమ్ అంటున్నానే. మొన్న ఒకసారి నోరు జారబోయింది, ఆపుకున్నాను.’

‘ఆపుకున్నావా, అనేశావా?’

‘అనేస్తే ఊరుకుంటావా ఉయ్యూరూ?’

‘ఊరుకోను’ అన్నాను.